మిల్లీమీటరులో ఐదో వంతు

మిలాన్ మెట్రో ఆకుపచ్చ లైను జెస్సాతే దగ్గర ఆగిపోతుంది. కాంబియాగో అక్కణ్నుంచి పక్క ఊరే. మొక్కజొన్న చేలు, ఫ్యాక్టరీ షెడ్లు, దూరంగా ఒక చర్చి గంటస్తంభం. సైకిళ్ల మీద మనసు లేనివాళ్లను ఇక్కడికి రమ్మని చెప్పను. ఉన్నవాళ్లకు మాత్రం ఇది యాత్రాస్థలమే. 1932లో పుట్టిన ఎర్నెస్తో కొల్నాగో తన దుకాణం తెరిచింది ఈ ఊళ్లోనే. ఆ పేరుతో వచ్చిన సైకిళ్ల వయసును 1954 నుంచి లెక్కిస్తారు.

ఇక్కడ తయారైనవాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్న సైకిలు ఇక్కడ లేదు. అది బ్రస్సెల్స్‌లో, రేసర్ ఎడీ మెర్క్స్ పేరు పెట్టిన మెట్రో స్టేషన్లో అద్దాల వెనక ఉంది. 1972 అక్టోబరు 25న మెక్సికో సిటీలో మెర్క్స్ ఆ సైకిలు మీద గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. మొత్తం సైకిలు బరువు దాదాపు 5.75 కిలోలు. సైకిళ్లలో కార్బన్ ఫైబర్ వాడకం లేని రోజుల్లో, ఉక్కు ఫ్రేముతో! గొలుసుకు చిల్లులు, హ్యాండిల్ బారుకు చిల్లులు, ఎక్కడ వీలైతే అక్కడ లోహం తోడేశారు. ఈ రోజున రోడ్డు పందేలకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు, 2000 నుంచి అమల్లో ఉంది. అంటే అర్ధశతాబ్దం కిందటి ఉక్కు సైకిలు నేటి హద్దు కంటే కిలో తక్కువ తూగింది.

అంత తేలికగా ఎలా చేయగలిగారన్నదానికి జవాబు సూటిగానే ఉంది. ఆ సైకిలు ఒక్క గంట బతికితే చాలు. నున్నటి ట్రాకు మీద, వర్షం లేకుండా, గుంట లేకుండా, గేరు మార్చకుండా, బ్రేకు కూడా లేకుండా ఒక్క గంట. ఆ గంటకు ఎంత లోహం కావాలో అంతే ఉంచారు. ఫ్రేము బరువు గురించి ఎవరు గొప్పలు చెప్పినా నాకు వెంటనే ఈ సైకిలే గుర్తుకొస్తుంది. ఎంత తేలిక అని అడిగిన వెంటనే, ఎంతకాలానికి అని కూడా అడగాలనిపిస్తుంది.

కొల్నాగో కార్బన్ వైపు మళ్లింది 1980ల నడుమ, ఫెరారీ కార్ల కంపెనీతో చేయి కలిపాక. రేసు కార్లలో అప్పటికే కార్బన్ వాడుతున్నారు. ఆ స్నేహం నుంచి కొన్ని ప్రయోగాలు, తర్వాత నలభయ్యో ఏటి గుర్తుగా సీ40 అనే ఫ్రేము వచ్చాయి. దాని నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. అంతకుముందు తరం కార్బన్ ఫ్రేముల్లో చాలావాటికి గొట్టాలు కార్బన్‌వి, వాటిని కలిపే కీళ్లు అల్యూమినియంవి. కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అల్యూమినియాన్ని ఆనుకుని, మధ్యలో చెమటో వాననీరో చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఏళ్లు గడిచేసరికి జిగురు కింద తెల్లటి పొడి కట్టి అతుకు వదిలేసేది. సీ40లో కీళ్లు కూడా కార్బన్‌వే. గొట్టాలను ఆ కీళ్లలోకి దూర్చి జిగురుతో బిగించారు. బరువు తగ్గడం సంగతి అలా ఉంచితే, నా దృష్టిలో ఇది మొదట మన్నిక కోసం వేసిన అడుగు.

దాన్ని పరీక్షించిన చోటు పారిస్-రూబె పందెం. ఉత్తర ఫ్రాన్సులో పాతకాలపు బండరాళ్లు పరిచిన దారుల మీద సాగే ఆ పందెం సైకిలును కూడా మనిషిని కూడా విరగ్గొట్టే రకం. 1995లో మాపెయి జట్టు ఈ కార్బన్ ఫ్రేములతో రూబెకు వెళ్తుంటే, రాళ్ల మీద విరిగిపోతాయేమోనని జట్టు యజమాని జోర్జో స్క్విన్జి బెంగపడ్డాడనీ, ఆ బాధ్యత తనదని కొల్నాగో భరోసా ఇచ్చాడనీ సైక్లింగ్ లోకంలో చెప్పుకుంటారు. ఆ ఏడు ఫ్రాంకో బాలెరీని గెలిచాడు. మరుసటి ఏడు మొదటి మూడు స్థానాలూ మాపెయి జట్టువే. 1995 నుంచి 2000 వరకు ఆరు పందేల్లో అయిదు ఈ ఫ్రేము మీదే గెలిచారు. కార్బన్ పెళుసు, గట్టి దెబ్బకు ఆగదు అనే మాటకు అంతకంటే జవాబు ఏం కావాలి? అయితే ఆ ఫ్రేములు నేటి లెక్కన బరువైనవి. వాటి గోడలు మందం. ఆ సంగతి చెప్పకుండా రూబె కథ ఒక్కటే చెప్పడం అన్యాయమవుతుంది.

కాంబియాగో తర్వాత కోమో సరస్సు ఒడ్డున బెల్లాజో. అక్కణ్నుంచి ఘిసాల్లో కొండ ఎక్కాలి. సరస్సు మట్టం సముద్రానికి దాదాపు 200 మీటర్ల ఎత్తు, పైన చిన్న చర్చి 754 మీటర్ల దగ్గర. మొదటి కిలోమీటర్లలోనే రోడ్డు నిలువుగా లేస్తుంది. మధ్యలో కాస్త ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ లేస్తుంది. అద్దె సైకిలు తీసుకున్నాను. ఎక్కుతున్నంతసేపూ బుర్రలో ఒకటే లెక్క. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. ఫ్రేములో 200 గ్రాములు తగ్గిస్తే మొత్తంలో తగ్గేది నాలుగు వందల్లో ఒక వంతు. నిట్టనిలువు ఎక్కుడులో కాలం దాదాపు బరువును బట్టే ఉంటుంది కాబట్టి, గంటసేపు ఎక్కేవాడికి మిగిలేది తొమ్మిది సెకన్లు. పందెంలో తొమ్మిది సెకన్లంటే గెలుపోటములు తారుమారయ్యే తేడా, కాదనను. కానీ ఆ 200 గ్రాములను ఎక్కడినుంచి తీశారన్నది తెలుసుకోకుండా ఆ తొమ్మిది సెకన్లకు వెల కట్టలేం.

పైన మదోన్నా దెల్ ఘిసాల్లో చర్చి. 1949లో పోప్ పన్నెండో పయస్ ఈ మాతను సైకిలు తొక్కేవాళ్ల రక్షకురాలిగా ప్రకటించారు. లోపల గోడల నిండా పైదాకా సైకిళ్లు, జెర్సీలు. కోప్పి, బార్తాలి, మెర్క్స్ లాంటి మేటి రేసర్లు తొక్కినవి. ఫాబియో కసార్తెల్లి సైకిలు కూడా అక్కడే. ఈ ప్రాంతపు పిల్లవాడు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ రోడ్డు పందెంలో స్వర్ణం గెలిచినవాడు, 1995 టూర్ ద ఫ్రాన్స్‌లో దిగుడు దారిలో పడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ సైకిలు ముందు నిలబడితే గ్రాముల లెక్కలేవీ తోచవు. చాలాసేపు నిలబడ్డాను. పక్కనే 2006లో తెరిచిన మ్యూజియం ఉంది. ఉక్కు, అల్యూమినియం, టైటానియం, కార్బన్, ఒక తరం తర్వాత ఒక తరం అక్కడ చూడొచ్చు.

మిలాన్ నుంచి తూర్పుగా వెనిస్ వెళ్లే రైల్లో పాదువాకు బయల్దేరాను. మా అన్నయ్య కొడుకు అక్కడి యూనివర్సిటీలో మెటీరియల్స్ చదువుతున్నాడు. మధ్యలో విచెంజా స్టేషన్ వస్తుంది, కాంపన్యోలో కంపెనీ ఊరు. ఈ వెనెతో ప్రాంతమంతా సైకిలు పనివాళ్ల నేలే. జీనులు, బూట్లు, చక్రాలు, ఫ్రేములు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు.

స్టేషన్‌కు వచ్చిన పిల్లవాడు దారిలోనే మొదలుపెట్టాడు. "బాబాయ్, గెలీలియో ఇక్కడ పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పాడు, తెలుసు కదా. మీ సైకిలు గొట్టాల సంగతి ఆయనెప్పుడో రాసేశాడు." వాడు చెప్పింది నిజమే. 1592 నుంచి 1610 దాకా గెలీలియో పాదువాలో ఉన్నాడు. 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో, ఒకే బరువున్న గట్టి కడ్డీ కంటే బోలు గొట్టం ఎక్కువ బలాన్ని తట్టుకుంటుందని నిరూపించి, పక్షుల ఎముకలనూ రెల్లు కాడలనూ ఉదాహరణగా చూపించాడు. ఫ్రేము చేసేవాళ్లందరూ తెలిసో తెలియకో ఆ పేజీల మీదే బతుకుతున్నారు.

బ్రెంతా కాలువ వెంబడి, పాదువాకూ వెనిస్‌కూ మధ్య ఉన్న ఒక ఊళ్లో వాడికి తెలిసిన ఫ్రేముల పెద్దాయన ఉన్నారు. ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, ఆయన. అంతే కంపెనీ. ఏటా చేసేది కొద్ది ఫ్రేములే. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన మాట్లాడేది ఆ ప్రాంతపు యాస ఇటాలియన్. పిల్లవాడు నాకు తెలుగులో చెప్పేవాడు, మధ్యమధ్యలో వాళ్లిద్దరే మాట్లాడుకుని నన్ను మర్చిపోయేవారు.

ఆయన మొదట ఫ్రీజరు తెరిచారు. ముందే రెసిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ చుట్టలు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. బయట ఉంచితే రెసిన్ తనంతట తనే గట్టిపడటం మొదలవుతుంది. ఒక చుట్ట తీసి బల్ల మీద పరిచారు. పడుగు మాత్రమే ఉండి పేక లేని బట్టలా ఉంది. పోగులన్నీ ఒకే దిక్కుకు. పోగుల వెంట లాగితే చెక్కుచెదరదు, అడ్డంగా లాగితే వేళ్లతోనే చీలిపోతుంది. అందుకే పొర మీద పొర కోణం మార్చి వేస్తారు. గొట్టం పొడవునా కొన్ని, 45 డిగ్రీల వాలులో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, చుట్టూ వడ్డాణంగా ఒకటి. పొడవు పొరలు వంగకుండా చూస్తాయి. వాలు పొరలు పెడలు తొక్కినప్పుడు మెలి తిరగకుండా చూస్తాయి. చుట్టు పొర గొట్టం నలిగిపోకుండా కాపాడుతుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పదో వంతు, లేదా ఇంకాస్త. మామూలు గొట్టం గోడ మొత్తం కలిపి మిల్లీమీటరు దరిదాపు.

బరువు తగ్గించాలని వచ్చే కుర్రాళ్లకు ఆయన చూపించే వస్తువులు రెండున్నాయి. రెండు రకాల కార్బన్‌తో, ఒకే మందంలో చేసిన రెండు సన్నటి బద్దలు. మొదటిది మా చేతికిచ్చి వంచమన్నారు. వంగింది, ఇంకా వంగింది, వదిలితే మళ్లీ తిన్నగా నిలబడింది. రెండోదాన్ని వంచడమే కష్టం. పట్టుపట్టి వంచితే ఒక్కసారి ఫట్‌మని రెండు ముక్కలైంది. మొదటిది జపాన్‌లో తోరే కంపెనీ చేసే టీ700 రకం. బిగువు 230 గిగాపాస్కల్. తెగే ముందు 2.1 శాతం సాగుతుంది. రెండోది అదే కంపెనీ ఎం40జే రకం, బిగువు 377 గిగాపాస్కల్, సాగేది 1.2 శాతమే. ఇంకా పైన ఎం55జే ఉంది, 540 గిగాపాస్కల్, 0.8 శాతం. బిగువు పెరిగేకొద్దీ తక్కువ పోగులతోనే ఫ్రేము కదలకుండా నిలుస్తుంది, బరువు తగ్గుతుంది. కానీ అనుకోని దెబ్బను మింగే ఓపిక కూడా తగ్గుతుంది. ప్రకటనల్లో 'హై మాడ్యులస్' అని గొప్పగా రాసేది ఈ బిగువు గురించే. సాగే శాతం ఏ ప్రకటనలోనూ నాకు కనపడలేదు.

"ఏమంటున్నార్రా ఆయన?" అన్నాను, పెద్దాయన ఆ విరిగిన ముక్కలను చూపిస్తూ ఆవేశంగా ఏదో చెబుతుంటే.

"బిగువు పోగు లేకుండా తనూ చేయరట బాబాయ్. పొడవు పొరల్లో, లోపలి వైపు వేస్తారట. బయటి పొరల్లో మాత్రం చచ్చినా వేయరట. దెబ్బ తగిలేది బయటే కదా అంటున్నారు."

ఆ తర్వాత ఆయన రెండు గొట్టాలు బల్ల మీద పెట్టి, బొటనవేలితో నొక్కి చూడమన్నారు. ఒకదాని గోడ మిల్లీమీటరు, ఇంకోదానిది 0.8. మొదటిది రాయి. రెండోది నొక్కితే లోపలికి పోయి, వదిలితే టిక్కుమని వెనక్కి వచ్చింది. రెండింటి మధ్య ఉన్న తేడా మిల్లీమీటరులో ఐదో వంతు! ఇంత చిన్న తేడా వేలికి ఇంతగా ఎలా తెలుస్తుందన్నది నాకు అక్కడ అర్థమైంది. గొట్టం మొత్తంగా వంగకుండా నిలవడం ఎక్కువగా దాని వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 35 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 40కి పెంచితే బరువు ఏడో వంతే పెరుగుతుంది, బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అందుకే కొత్త ఫ్రేములన్నీ లావుగా కనిపిస్తాయి. లావు చేసి, ఆ లాభంతో గోడను పలచన చేస్తారు. తొక్కేటప్పుడు ఏ లోటూ తెలియదు. కానీ గోడ తనకు తానుగా, ఒక చోట పడ్డ దెబ్బకు, లోపలికి కుంగకుండా నిలవడం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 0.8 ఘనం 0.512. మందంలో ఐదో వంతు తగ్గిస్తే గోడ బిగువు సగానికి పడిపోతుంది.

దానికి ప్రతిగా మిగిలేదెంత? ఫ్రేములో మూడు పెద్ద గొట్టాల పొడవు కలిపి దాదాపు మీటరున్నర పైచిలుకు. చుట్టుకొలత సగటున 13 సెంటీమీటర్లు. అంత మేర 0.2 మిల్లీమీటర్ల పొర తీసేస్తే తగ్గేది 65 గ్రాములకు అటూ ఇటూ. ఘిసాల్లో లెక్కలో పెడితే గంటకు మూడు సెకన్లు. మూడు సెకన్ల కోసం గోడ బిగువును సగం ఇచ్చేయడం పందెం వృత్తిగా బతికేవాళ్ల హక్కు. విరిగితే వాళ్లకు వెనక కారులో ఇంకోటి ఉంటుంది. నెలజీతం కూడబెట్టి ఒక ఫ్రేము కొనుక్కునే మనిషికి ఈ బేరం ఎవరైనా అంటగడితే దాన్ని అన్యాయమనే అంటాను.

ఫ్యాక్టరీ ఫ్రేముల్లో బరువు ఇంతకంటే కిందికి వెళ్లింది. స్పెషలైజ్డ్ కంపెనీ 2020లో ఎథోస్ అనే ఫ్రేమును 585 గ్రాములని ప్రకటించింది. అది పనికిమాలినదని నేననను. కంప్యూటరు మీద వేల సార్లు బలాల లెక్క కట్టి, ఏ పొర పని చేయడం లేదో కనిపెట్టి తీసేసిన గొప్ప పనితనం అది. పైగా అంత పెద్ద కంపెనీలకు అచ్చులున్నాయి, పరీక్ష యంత్రాలున్నాయి. ఐఎస్ఓ 4210 ప్రమాణం ప్రకారం రేసు ఫ్రేమును 1,100 న్యూటన్ల తొక్కుడు బలంతో లక్ష సార్లు తొక్కించాలి, 22.5 కిలోల బరువును 212 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ముందు భాగం మీద పడేయాలి. మంచి ఫ్రేములు వీటిని సులువుగా దాటుతాయి. కార్బన్ పోగుకు దాదాపు అలుపు లేదు. ఉక్కు, అల్యూమినియం లక్షల సార్లు వంగి వంగి పగుళ్లు తెచ్చుకోవచ్చు. సరిగ్గా చేసిన కార్బన్ గొట్టం ఆ రకంగా చావడం అరుదు.

మరి ఎలా చస్తుంది? షెడ్డు వెనక గదిలో జవాబు వేలాడుతోంది. మరమ్మతుకు వచ్చిన ఫ్రేములు, రకరకాల కంపెనీలవి, ఈయన చేసినవి కూడా. పెద్దాయన చిన్నకొడుకు ఒక్కొక్కటీ దించి చూపించాడు. పైన అడ్డంగా ఉండే గొట్టం, టాప్ ట్యూబు, మధ్యలో చిట్లినవి ఎక్కువ. సైకిలు పక్కకు పడినప్పుడు హ్యాండిల్ బారు గిర్రున తిరిగి టాప్ ట్యూబును కొడుతుంది, రోడ్డు మీద మనిషికి గీత కూడా పడకపోయినా సరే. సీటు కింద అతిగా బిగించి పగలగొట్టినవి కొన్ని. కారు వెనక తగిలించే స్టాండులో నలిగినవి కొన్ని. గొలుసు జారి, దాని పక్కనే వెనక చక్రం దాకా వెళ్లే చైన్ స్టేను కోసినవి కొన్ని. ఒకటి ఇంట్లో గోడకు ఆనించి ఉండగా జారి బల్ల అంచు మీద పడ్డదట. తొక్కుతూ తొక్కుతూ అలసిపోయి విరిగిన ఫ్రేము ఆ గదిలో ఒక్కటి కూడా లేదు. ప్రమాణాల పరీక్షల్లో బలాలు ముందు నుంచి, పై నుంచి, పెడలు నుంచి వస్తాయి. బతుకులో దెబ్బలు పక్కనుంచి వస్తున్నాయి. పలచని గోడ ఓడిపోయేది ఇక్కడే.

కొందరు కార్బన్‌ను ప్రాణాంతకమని తిట్టేస్తారు, ఇంకొందరు ఉక్కు కంటే బలమని ఎత్తేస్తారు. ఇద్దరి మాటలోనూ ఈ గది లేదు. ఉక్కు గొట్టానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో పైపొర తళతళలాడుతూనే ఉండి లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేయవచ్చు. చిన్నకొడుకు ఒక నాణెం తీసి చిట్లిన గొట్టం పొడవునా తట్టుకుంటూ వెళ్లాడు. టంగ్ టంగ్ అని పోయే చప్పుడు ఒక చోట మొద్దుగా మారింది. అక్కడ పెన్సిలుతో గీత గీశాడు. కంటికి కనిపించే చిట్లు కంటే ఆ గీత రెండింతలు పొడవుంది.

ఇక అతుకులు. ఈయన పద్ధతిలో అచ్చులు లేవు. గొట్టాల చివరలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా కోస్తారు, కొలత చట్రంలో బిగిస్తారు, జిగురు పెడతారు, ఆ పైన అతుకు చుట్టూ కార్బన్ ముక్కలు పొరలుగా వేస్తారు. మణికట్టంత చోటులో పదిహేను, ఇరవై ముక్కలు, ఒక్కోటి ఒక్కో ఆకారం. తర్వాత ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి పీల్చేసి ఓవెన్లో ఉడికిస్తారు. ఈ పని కోడలిది. ఆమె వేళ్లను చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ముక్క మూల మీద ఎక్కడా ముడత రానివ్వదు. ముడత పడితే అక్కడ పోగు వంకర తిరుగుతుంది, వంకర తిరిగిన పోగు బలం మోయదు. పొరల మధ్య గాలి బుడగ మిగిలితే పగులు మొదలయ్యేది అక్కడే. ఉడికాక గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. అందం కోసం ఒక పట్టు ఎక్కువ రుద్దితే పై పొర పోగులు తెగిపోతాయి. రంగేశాక అది ఎవరికీ తెలియదు. చేతిపని గొప్పదనం, చేతిపని ప్రమాదం రెండూ ఈ బల్ల మీదే ఉన్నాయి. చేతితో చేసినదంతా మంచిదనే నమ్మకం నాకు లేదు. ఈ అమ్మాయి చేసినదాన్ని నమ్ముతాను.

ఈ అతుకుల వల్లే చేతి ఫ్రేము అచ్చు ఫ్రేము కంటే వంద, రెండు వందల గ్రాములు ఎక్కువ తూగుతుంది. గొట్టం మీద గొట్టం, దాని మీద చుట్టు. ఆ బరువుకు బదులుగా దొరికేది, ప్రతి గొట్టాన్నీ మనిషిని బట్టి మార్చుకోవడం. 55 కిలోల అమ్మాయికీ 95 కిలోల మనిషికీ ఫ్యాక్టరీ ఒకే ఫ్రేము అమ్ముతుంది. ఇద్దరినీ మోయాలి కాబట్టి బరువైనవాడికి తగ్గట్టే చేయాలి, లేదా బరువు హద్దు రాసిపెట్టాలి. ఇక్కడ అమ్మాయి ఫ్రేములో పొడవు పొరలు తగ్గించి, బయటి చుట్టు పొరను మాత్రం అలాగే ఉంచుతారు. ఆమె తేలికైనా ఆమె హ్యాండిల్ బారు తేలిక కాదు కదా.

మధ్యాహ్నం భోజనం దగ్గర పిల్లవాడు పెద్దాయనకు మా హైదరాబాద్ కథ ఒకటి చెప్పాడు. అబ్దుల్ కలాం క్షిపణుల ల్యాబుకు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన వచ్చి, అక్కడి తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లిన కథ. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోల లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిన కథే. పెద్దాయన ఫోర్కు కింద పెట్టేశారు. మూడు కిలోలు మూడు వందల గ్రాములు కావడమంటే ఏమిటో ఆయనకు మాకంటే బాగా తెలుసు. "అలాంటి చోట ప్రతి గ్రామూ తీయాలి" అన్నారట. "ఆ పిల్లవాడు దాన్ని రోజంతా ఎత్తుతాడు, దించుతాడు." పోల్చి చూస్తే సైకిలు ఫ్రేము ఒక కిలో నుంచి 900 గ్రాములు కావడం ఎవరి బతుకునూ మార్చదు. తేలిక చేయడం మీద నాకు కోపం లేదు. ఎవరి కోసం, దేని బదులు అన్న ప్రశ్న మీదే నా పట్టు.

భోజనం అయ్యాక ఆయన నా వైపు తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టారు. బరువెంత, వయసెంత, ఎక్కడ తొక్కుతావు. అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలారు కప్పు కింద సాగే సైకిలు దారి గురించి చెప్పాం. ఆయన మెచ్చుకున్నారు. అక్కడిదాకా ఎలా వెళ్తావన్నారు. కాలనీ రోడ్లు, స్పీడు బ్రేకర్లు, పూడ్చి వదిలేసిన పైపులైను గాడులు, వానాకాలంలో నీళ్ల కింద కనపడని గుంటలు, పిల్లవాడు చేతులతో అభినయించి మరీ చెప్పాడు. సైకిలును కారులో పెడతావా, లిఫ్టులో నిలబెడతావా, అపార్ట్‌మెంటు కింద మిగతా బళ్లతో పాటు ఉంచుతావా? ఎన్నిసార్లు పడ్డావు? పదేళ్లు వాడతావా, రెండేళ్లకు మారుస్తావా? ఎంత తేలిక కావాలన్న ప్రశ్న మాత్రం ఆయన అడగనేలేదు.

"అడిగితే అందరూ ఒకే జవాబు చెప్తారట బాబాయ్" అన్నాడు మావాడు.

చివరికి కాగితం మీద ఆయన రాసింది ఇది. టాప్ ట్యూబు, దాని కింద ఏటవాలుగా దిగే డౌన్ ట్యూబు గోడ 1.1 మిల్లీమీటరు. బయట ఒక పొర నేసిన కార్బన్ బట్ట, చిట్లు మొదలైతే పాకకుండా ఆపడానికి. పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర, ఇంకా లోహం తగిలే ప్రతి చోటా మధ్యలో గాజు పోగు పొర, ఆ పాత తుప్పు రోగం రాకుండా. చైన్ స్టే మీద గొలుసు తగిలే చోట స్టీలు రేకు. దట్టమైన రంగు వద్దు, వంద గ్రాములు ఊరికే పెరుగుతాయి, పైగా కింద ఏం జరిగినా కప్పేస్తుంది. ఎండకు రెసిన్ చెడకుండా పారదర్శకమైన పూత చాలు. మొత్తం 1,080 గ్రాములు తూగుతుందని అంచనా. అచ్చు ఫ్రేముల ప్రకటనల పక్కన పెడితే ఇది సిగ్గుపడాల్సిన అంకె. నాకు మాత్రం ప్రతి గ్రాముకూ కారణం తెలిసిన మొదటి అంకె.

బయల్దేరబోతుంటే గోడ వారగా ఉన్న అల్మరా తెరిచారు. లోపల ఫైళ్లు. ఆయన చేసిన ప్రతి ఫ్రేముకూ ఒక కాగితం, ఏ గొట్టంలో ఏ రకం పోగు, ఎన్ని పొరలు, ఏ కోణంలో, ఏ వరసలో వేశారో అందులో ఉంది. ఫ్రేము విరిగి తిరిగొస్తే, పాడైన చోటును ఏటవాలుగా అరగదీసి, తీసిన పొరకు అదే పొర, అదే కోణంలో వేయడానికి. బయటి కంపెనీల ఫ్రేములు వచ్చినప్పుడు ఈ వివరం దొరకదనీ, ఊహించి వేయాల్సి వస్తుందనీ, అలాంటప్పుడు భద్రత కోసం బరువు ఎక్కువ వేయక తప్పదనీ చెప్పారు.

ఆ కాగితం నకలు ఒకటి నాకూ కావాలని అడిగాను. హైదరాబాద్ నుంచి ఫ్రేమును ఇక్కడికి పంపడం అన్నిసార్లూ కుదరదు, అక్కడ చేయి తిరిగినవాళ్లు దొరికితే వాళ్ల చేతిలో పెట్టడానికి. కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది వాళ్ల విద్య మొత్తం. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడకుండా, ఫ్రేముతో పాటే పంపిస్తానని రాసిన కాగితం అడుగున సంతకం పెట్టారు.